ఏది రూలు, ఏది మేస్త్రీ పద్ధతి?

ఇంటి కరెంటు: పాఠకుల ప్రశ్నలు
జవాబులు: శ్రీకాకుళంలో వైరింగ్ పనులు చేయించే లైసెన్స్‌డ్ ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్

ప్రశ్న: మాది నరసన్నపేట. మా ఆయన దుబాయిలో ఉంటారు కాబట్టి ఇల్లు కట్టించే పనంతా నా మీదే పడింది. వైరింగ్‌కి ఇద్దరు మేస్త్రీలను అడిగాను. ఒకాయన, "ఇల్లంతా 1.5 వైరు చాలు. ఎర్త్ వంటింటికీ గీజరుకీ లాగితే సరిపోతుంది. కరెంటు లీకైతే పడే ఆ ఆర్‌సీసీబీ స్విచ్ ఊరికే పడిపోతూ ఉంటుంది, పెట్టుకోకండమ్మా" అన్నాడు. ఇంకొకాయన, "రూలు ప్రకారం ఇల్లంతా 2.5 వెయ్యాలి, ఎర్త్‌కి రాగి ప్లేటే పెట్టాలి, గదికో ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడే స్విచ్) ఉండాలి, వైరు ఫలానా కంపెనీదే వాడాలి. లేకపోతే మీటరు ఇవ్వరు" అన్నాడు. ఇద్దరి ఎస్టిమేట్లకీ చాలా తేడా ఉంది. ఎవరి మాట నమ్మాలి?
— ఒక గృహిణి, నరసన్నపేట

జవాబు: అమ్మా, ఇద్దరి మాటా పూర్తిగా నమ్మకండి. మొదటాయన రూలుని తీసి పక్కన పెట్టేశాడు. రెండో ఆయన తన ఇష్టాన్ని రూలు పేరుతో మీకు అమ్ముతున్నాడు. మొదటిది ప్రాణానికి ప్రమాదం. రెండోది డబ్బుకి నష్టం, దానితో పాటు ఇంకో నష్టం కూడా ఉంది. కంపెనీ పేరు రూలులో లేదని రేపు ఎవరో మీకు చెబుతారు. అప్పుడు ఆయన చెప్పిన మిగతా మాటలు కూడా అమ్మకానికే చెప్పాడనుకుని, నిజంగా కావలసినవి తీసేయిస్తారు. ఆర్‌సీసీబీ అలా తీయించేసిన ఇళ్లు నేను చాలా చూశాను. మా పనిలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ఇది.

ముందు రూలు ఎక్కడుందో చెబుతాను. 2003లో విద్యుత్ చట్టం వచ్చింది. దాని కింద కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనలు 2010లో వచ్చాయి, వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. అంతకుముందు 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ ఉండేవి. మా తరం వాళ్లు ఇప్పటికీ "ఐఈ రూల్స్" అని ఆ పాత పేరే వాడతారు. వీటితో పాటు భారతీయ ప్రమాణాల సంస్థ పుస్తకాలున్నాయి: ఇంటి వైరింగ్‌కి ఐఎస్ 732, ఎర్తింగ్‌కి ఐఎస్ 3043. పుస్తకానికీ నిబంధనలకీ తేడా వస్తే నిబంధనల మాటే చెల్లుతుంది. వీటిలో ఎక్కడా ఏ కంపెనీ పేరూ ఉండదు. వైరు మీద ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 694 అన్న నంబరు ఉన్నాయా అని చూసుకోండి, చాలు.

ఇక వైరు సైజు. లైట్లు, ఫ్యాన్లు, 6 ఆంపియర్ల సాకెట్లు కలిపి ఒక సర్క్యూట్ మీద 10 పాయింట్లు గానీ 800 వాట్లు గానీ దాటకూడదన్నది పుస్తకంలో ఏళ్ల తరబడి ఉన్న లెక్క. 800 వాట్లంటే మూడున్నర ఆంపియర్లు. దానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ధారాళంగా సరిపోతుంది. కాబట్టి ఇల్లంతా 2.5 అన్నది రూలు కాదు. అలాగని ఇల్లంతా 1.5 కూడా కుదరదు. 16 ఆంపియర్ల పవర్ సాకెట్లు ఒక సర్క్యూట్‌కి రెండుకి మించి ఉండకూడదు. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, అదే సర్క్యూట్ మీద ఇండక్షన్ స్టవ్వు కూడా ఉంటే ఇంకో 9. ఆ లోడుని 1.5 వైరు మీద పెట్టి, మాటిమాటికీ పడిపోతోందని 20 ఆంపియర్ల ఎంసీబీ బిగిస్తే, ఎంసీబీ పడకుండానే గోడలో వైరు వేడెక్కి పాడవుతుంది. వైరు మోయగలిగిన దానికంటే ఎంసీబీ పెద్దది ఉండకూడదు. ఇది రూలు, ఇందులో బేరం లేదు. నా పద్ధతి అడిగితే, లైట్లకు 1.5, చిన్న సాకెట్లకు 2.5, పవర్ సాకెట్లకు 4 వేయిస్తాను. చిన్న సాకెట్లకు 2.5 ఎందుకంటే, ఇవాళ సెల్ ఛార్జరు పెట్టిన చోట రేపు ఇస్త్రీపెట్టె పెట్టేవాళ్లని చూశాను. కానీ అది నా జాగ్రత్త, రూలు కాదు. డబ్బుకి ఇబ్బందిగా ఉంటే వదిలేయవచ్చు.

ఎర్త్ సంగతి కాస్త ఓపికగా చదవండి, ఎందుకంటే ఇద్దరూ ఇక్కడే తప్పారు. సాకెట్ అంటే మూడు పిన్నులదే, మూడో పిన్నుకి ఎర్త్ చేరాలి. హాల్లోదైనా, పడగ్గదిలోదైనా, పూజగదిలోదైనా అంతే. ఇనుప బాడీ ఉన్న ఏ వస్తువుకైనా ఎర్త్ ఉండాలి. వంటింటికీ గీజరుకీ చాలన్న మాట తప్పు. అలాగే రాగి ప్లేటే ఉండాలన్నదీ తప్పు. ప్రమాణంలో జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పైపు ఉంది, రాడ్డు ఉంది, ప్లేటు ఉంది. పైపు అయితే రెండున్నర మీటర్ల పొడవు ఉండాలి, ప్లేటు అయితే 60 సెంటీమీటర్ల చదరం, జీఐ అయితే 6.3 మిల్లీమీటర్లు, రాగి అయితే 3.15 మిల్లీమీటర్ల మందం ఉండాలి. ఏది పెట్టాలన్నది నేలని బట్టి. కళింగపట్నం, బారువ వైపు సముద్రం పక్కన కట్టే ఇళ్లకు నేను రాగినే అడుగుతాను, ఉప్పు నేలలో జీఐ త్వరగా తుప్పు పడుతుంది. ఆ నేలలో గొయ్యిలో బస్తాలకొద్దీ ఉప్పు కూడా పోయనివ్వను. మీ నరసన్నపేటకు సముద్రం కాస్త దూరమే. మంచి జీఐ పైపు, బొగ్గు, నీళ్లు పోయడానికి గరాటూ, మూతా పెట్టిన గొయ్యి చాలు.

కానీ ఎర్త్ గొయ్యి ఒక్కటే మిమ్మల్ని కాపాడుతుందని అనుకోకండి. లెక్క చూడండి. గీజరు లోపల పాడై ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) బాడీకి తగిలిందనుకుందాం. ఎర్త్ దారి మొత్తం రెసిస్టెన్స్ 10 ఓమ్‌లు ఉందనుకుందాం. మెట్ట నేలల్లో, వేసవిలో ఇది మామూలే. 230 వోల్టులను 10తో భాగిస్తే 23 ఆంపియర్లు భూమిలోకి పోతాయి. గీజరుకి ఉన్నది 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీ. అది తక్షణం పడాలంటే దాని రేటింగుకి ఐదు నుంచి పది రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. 23కి పడదు. వేడెక్కి పడడానికి గంట పట్టవచ్చు, అప్పటికీ పడకపోవచ్చు. ఆ గంటసేపూ గీజరు బాడీలో, కుళాయిలో కరెంటు ఉంటుంది. అదే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, 0.03 ఆంపియర్లు పక్కదారి పట్టగానే సెకనులో మూడో వంతు కూడా గడవకముందే పడిపోతుంది. 23 ఆంపియర్లు పోతున్నప్పుడు ఇంకా ఎంతో ముందే. అందుకే మరీ చిన్న లోడు కనెక్షన్లను వదిలి, ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లకు మించని లీకేజీ రక్షణ ఉండాలని నిబంధన పెట్టారు. గీజరూ ఏసీ పెట్టుకునే ఇంటికి అది తప్పనిసరి అనే అనుకోండి. "ఊరికే పడిపోతుంది, వద్దు" అన్న మేస్త్రీకి దయచేసి పని ఇవ్వకండి.

ఆర్‌సీసీబీ ఓవర్‌లోడుకి పడదు, ఆ పని ఎంసీబీది. రెండూ ఉండాలి. నేనైతే ఆర్‌సీసీబీలు రెండు పెడతాను, వంటిల్లూ బాత్రూములూ ఒకదాని మీద, మిగతా ఇల్లు ఇంకోదాని మీద. రాత్రిపూట ఒకటి పడినా ఇల్లంతా చీకటి కాకూడదని. ఇది కూడా పద్ధతే, రూలు కాదు. గదికో ఎంసీబీ కూడా అలాంటిదే. సర్క్యూట్లు లోడుని బట్టి విడగొట్టాలని పుస్తకం చెబుతుంది గానీ గదుల లెక్కన కాదు.

మీరు చేయవలసింది ఒకటి చెబుతాను. నేనిచ్చే ప్రతి ఎస్టిమేటులో ఐటెము పక్కన "రూలు" అనో "పద్ధతి" అనో రాయిస్తాను. రూలు అని రాసినవి తీయమంటే పని ఒప్పుకోను. పద్ధతి అని రాసినవాటికి కారణం చెబుతాను, ఉంచుకోవడం, తీయడం ఇంటివాళ్ల ఇష్టం. మీ రెండో మేస్త్రీని అలా రాసివ్వమనండి. ఆయన పని తెలిసిన మనిషిలాగే ఉన్నాడు. రాసివ్వడానికి ఒప్పుకుంటే ఆయనకే ఇవ్వండి. లైసెన్స్ నంబరు కూడా అడగండి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ మార్చడంలాంటి చిన్న పనులు తప్ప వైరింగ్ పని లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరు ద్వారా, సర్టిఫికెట్ ఉన్నవారి పర్యవేక్షణలోనే జరగాలి. అదీ రూలే.

ప్లాస్టరింగ్‌కి ముందు పైపులు పోయిన ప్రతి గోడనీ మీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. రేపు మేకు కొట్టేటప్పుడు, టీవీ బిగించేటప్పుడు మీకే పనికొస్తుంది. మీ ఆయనకి పంపితే ఆయనా పని చూసినట్టుంటుంది.

ప్రశ్న: మాకు పలాసలో చిన్న జీడిపప్పు దుకాణం, పైన ఇల్లు. ఇన్వర్టర్ పెట్టించిన దగ్గర నుంచీ ఆర్‌సీసీబీ రోజుకి నాలుగైదుసార్లు పడుతోంది. ఇన్వర్టర్ పెట్టినాయన వచ్చి ఆర్‌సీసీబీని తప్పించి వైరు డైరెక్ట్ చేసేశాడు. ఇప్పుడు పడట్లేదు. ఆయన "ఇంట్లో లీకేజీ లేదు, మీది నాసిరకం ఆర్‌సీసీబీ" అంటున్నాడు. నిజమేనా?
— ఒక వ్యాపారి, పలాస

జవాబు: కాదు బాబూ. ఇన్వర్టర్ పెట్టిన రోజు నుంచే మొదలైందని మీరే రాశారు, కారణం అక్కడే ఉంది. ఆర్‌సీసీబీ చేసే పని ఒకటే: తన గుండా వెళ్లిన కరెంటు, తిరిగి తన గుండా వచ్చిన కరెంటు సమానమా కాదా అని చూస్తుంది. ఇన్వర్టర్ కనెక్షన్‌లో చాలామంది ఫేజ్ మాత్రం విడదీస్తారు, న్యూట్రల్‌ని (కరెంటు తిరిగి వెళ్లే వైరుని) దగ్గర ఏది దొరికితే దానికి కలిపేస్తారు. అప్పుడు కరెంటు ఒక దారిన వెళ్లి ఇంకో దారిన తిరిగి వస్తుంది. ఆర్‌సీసీబీకి అది లీకేజీలాగే కనిపిస్తుంది, పడిపోతుంది. దాని తప్పేమీ లేదు.

ఇన్వర్టర్ మీద నడిచే సర్క్యూట్ల ఫేజ్‌తో పాటు వాటి న్యూట్రల్ కూడా మెయిన్ బోర్డు దాకా వేరుగా రావాలి. ఒక సర్క్యూట్ న్యూట్రల్‌ని ఇంకో సర్క్యూట్ అరువు తెచ్చుకోకూడదు. ఇది పూర్తిగా రూలు వైపు విషయం. ఒక సర్క్యూట్ ఆఫ్ చేసి పనిచేస్తున్న మనిషికి, అరువు న్యూట్రల్ గుండా పక్క సర్క్యూట్ కరెంటు తగులుతుంది. లైసెన్స్ ఉన్నవారిని పిలిచి న్యూట్రల్స్ విడదీయించండి. సాధారణంగా ఒక పూట పని. అప్పటిదాకా ఇన్వర్టర్‌ని పక్కన పెట్టి ఆర్‌సీసీబీని మళ్లీ లైన్లోకి తెప్పించండి. ఉక్కగా ఉంటే ఓర్చుకోవాలి. పిల్లలు తిరిగే ఇంట్లో అది లేకుండా ఒక్క రాత్రి కూడా ఉండకండి.

న్యూట్రల్స్ సరిచేశాక కూడా పడితే అప్పుడు నిజంగా లీకేజీ వెతకాలి. సర్క్యూట్లన్నీ ఆఫ్ చేసి ఒక్కొక్కటీ వేసుకుంటూ రావాలి. పాత గీజరు కాయిల్, వాన తడిసిన బాల్కనీ లైటు, బావిలో మోటారు, ఈ మూడింటిలోనే ఎక్కువగా దొరుకుతుంది. ఆర్‌సీసీబీ మీద "టి" అని ఉన్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. నొక్కగానే పడాలి. పడకపోతే అది బోర్డులో ఉన్నా లేనట్టే, మార్పించండి. నెలకోసారి అన్నది నా అలవాటు. కొన్ని కంపెనీలు వేరే గడువు రాస్తాయి, నెలకోసారి నొక్కితే మాత్రం నష్టం లేదు.

ప్రశ్న: నేను ఐటీఐ చదివి బొబ్బిలిలో ఒక కాంట్రాక్టరు దగ్గర పని చేస్తున్నాను. పాయింటు రేటు మీద కూలి. పైపులో వైరు తక్కువైతే మధ్యలో జాయింటు వేసి, టేపు చుట్టి లాగేయమంటాడు. వద్దంటే "లైటు వెలుగుతోందా లేదా?" అని అడుగుతాడు. నాకు తెలిసినట్టు చేస్తే పాయింట్ల లెక్క తగ్గి కూలి తగ్గుతోంది. ఏం చేయమంటారు?
— ఒక వైర్‌మన్, బొబ్బిలి

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదివి నాకు సంతోషంగానూ ఉంది, దిగులుగానూ ఉంది. ఈ వయసులో ఆ జాయింటు దగ్గర నీ చెయ్యి ఆగిందంటే నువ్వు మంచి పనివాడివి అవుతావు. ఆ చేతిని పాడు చేసుకోకు.

పైపు లోపల జాయింటు ఉండకూడదు. జాయింటు అంటూ వేస్తే మూత తీసి చూడగలిగిన బాక్సులోనే వేయాలి. ఇది రూలు. కారణం నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. మెలితిప్పిన జాయింటు రోజూ వేడెక్కుతుంది, చల్లారుతుంది. కొన్నేళ్లకు వదులవుతుంది. వదులైన చోట ఇంకా వేడెక్కుతుంది. టేపు జిగురు మన తీరపు ఉక్కకి ఎలాగూ నిలవదు. "లైటు వెలుగుతోందా" అన్న ప్రశ్నకి పని అప్పగించిన రోజున జవాబు ఉంటుంది. ఐదేళ్ల తర్వాత గోడలో వాసన వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో ఆ ఇంటివాళ్లకు తెలియదు.

నీ ప్రశ్నలో అసలు కష్టం కూలి గురించి. అందుకని ఏది వదలకూడదో, ఏది వదలవచ్చో వేరుచేసుకో. స్విచ్ ఫేజ్‌లోనే ఉండాలి, న్యూట్రల్‌లో కాదు. పైపులో జాయింటు వద్దు. ఎర్త్ వైరు ఎక్కడా తెగకుండా ప్రతి సాకెట్‌కీ చేరాలి. వైరుకి తగిన ఎంసీబీ ఉండాలి. మెట్ల లైటుకి టూవే కనెక్షన్ ఇచ్చేటప్పుడు వైరు ఆదా అవుతుందని స్విచ్‌లకి ఫేజ్‌తో పాటు న్యూట్రల్ కూడా ఇచ్చే పాత పద్ధతి ఉంది. అందులో లైటు ఆరిపోయి ఉన్నా హోల్డరులో కరెంటు ఉండవచ్చు. అది ఎవరు చెప్పినా చేయకు. వీటిమీద నీ కాంట్రాక్టరుతో గొడవైనా పరవాలేదు.

మిగతావాటిలో తగ్గు. డీబీలో, అంటే ఎంసీబీలు ఉండే బోర్డులో, వైర్లు దువ్వినట్టు వరసగా ఉండాలని, స్క్రూల గాడులన్నీ ఒకే వైపు ఉండాలని నాకూ ఇష్టమే, నా కుర్రాళ్లచేత చేయిస్తాను కూడా. కానీ వాటికి పట్టే టైముకి డబ్బు ఇచ్చే ఇంట్లో చెయ్యి. ఇవ్వని ఇంట్లో వాటిని వదిలినందుకు బాధపడనక్కర్లేదు. ఎవరికీ షాక్ కొట్టదు.

వైరు తక్కువ కావడం అన్నది చాలావరకు కొలత లేక వచ్చే ఇబ్బంది. కాయిల్ కొయ్యకముందే స్ప్రింగు పైపులోంచి లాగి, బయటికి తీసి నేలమీద పరిచి కొలువు. బోర్డు దగ్గర జానెడు, డీబీ దగ్గర మూరెడు కలుపు. మిగిలిన ముక్కలు పారేయకుండా పొడవుల వారీగా చుట్టి పెట్టుకుంటే చిన్న దూరాలకు సరిపోతాయి. కాంట్రాక్టరుకి జాయింటు తప్పు అని చెప్పడం కంటే, వైరు మిగిల్చి చూపించడం తేలిక. ఆ జానెడు వైరు వదలడం నేను నా గురువు దగ్గర నేర్చుకున్నాను. ఎందుకని అడిగితే, "రేపు స్విచ్ మార్చేవాడు నిన్ను తిట్టుకోకూడదు" అన్నారు. కారణం చెప్పగలిగిన అలవాటుని ఉంచుకో. "మా మేస్త్రీ ఇలాగే చేసేవాడు" అనడం తప్ప ఏ కారణమూ చెప్పలేని అలవాటుని పుస్తకంతో పోల్చి చూడు.

ఇంకో మాట. వైర్‌మన్ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టుకో. ఇప్పుడు నీ మాట ఒక కుర్రాడి మాట. పర్మిట్ చేతిలో ఉంటే అదే మాటకి బరువు పెరుగుతుంది, వేరేచోట పని కూడా దొరుకుతుంది. ఐఎస్ 732 చదువు. ఐటీఐలో నేర్చిన ఇంగ్లీషు సరిపోతుంది. ఒకేసారి కాకుండా, ఆ వారం చేసిన పనికి సంబంధించిన భాగం మాత్రం చదువు.

ప్రశ్న: విజయనగరం కోట దగ్గర మా తాతగారి ఇల్లు ఉంది. గోడల మీద చెక్క బద్దీ, దానిమీద వైర్లు. పింగాణీ ఫ్యూజులు రెండేసి ఉన్నాయి. ఇదంతా ఇప్పుడు రూల్స్‌కి విరుద్ధం కాబట్టి మొత్తం పీకేసి కొత్తగా వేయాలని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. మా అమ్మకి ఆ బద్దీలు తీయడం ఇష్టం లేదు.
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, విజయనగరం

జవాబు: అయ్యా, బద్దీది తప్పేమీ కాదు. అమ్మగారిని కంగారు పెట్టకండి. చూడవలసింది వైరు మీది రబ్బరు, ఆ రెండు ఫ్యూజులు.

రెండేసి ఫ్యూజులంటే ఒకటి ఫేజ్‌లో, ఒకటి న్యూట్రల్‌లో. న్యూట్రల్ ఫ్యూజు ఒక్కటే పోయిందనుకోండి, లైటు ఆరిపోతుంది, కరెంటు పోయిందనుకుని మీరు హోల్డరు పట్టుకుంటారు. ఫేజ్ మాత్రం అక్కడే ఉంటుంది. న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు ఉండకూడదని రూలు ఉన్నది ఇందుకే. ఆ ఫ్యూజుని ఈ వారమే తీయించి నేరుగా కలిపించండి. అయితే ముందు ఏది ఫేజో, ఏది న్యూట్రలో కొలిచి చూడమనండి, పాత ఇళ్లలో అటూ ఇటూ మారిపోయి ఉంటాయి.

రబ్బరు వైరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి, వంచితే పొడిలా రాలుతుంది. కంటితో చూసి నిర్ణయించడం సరికాదు. 500 వోల్టుల మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ కొలిపించండి. ఒక మెగాఓమ్ కంటే తక్కువ వస్తే ఆ సర్క్యూట్ వాడకూడదు, ఇది పుస్తకంలో ఉన్న అంకె. ఎండాకాలంలో తీసిన రీడింగ్ చూసి మాత్రం నేను ఒప్పుకోను. గోడలు చెమ్మపట్టిన వానాకాలంలో కొలిచి, అప్పుడు కూడా నిలబడితేనే ఉంచమంటాను. ఇది నా పద్ధతి. పాత మట్టి గోడలూ సున్నపు గోడలూ ఉన్న ఇళ్లలో రెండు రీడింగులకీ చాలా తేడా చూశాను.

నా అంచనా, ఆ వైరు ఇంక పనికిరాదు. కానీ బద్దీని ఉంచి దానిమీదే కొత్త పీవీసీ షీత్ వైరు క్లిప్పులతో వేయించవచ్చు, గోడలు పగలగొట్టక్కర్లేదు. పాత ఇళ్లలో ఎర్త్ వైరు చాలా చోట్ల ఉండదు, దానిని తప్పకుండా కలిపించండి. ఫ్యూజుల చోట ఎంసీబీలు, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఓపిక ఉన్న పనివాడు కావాలి. "మొత్తం పీకేయాలి" అన్నాయన సరిపోకపోవచ్చు.

ప్రశ్న: తుఫాను వచ్చి కరెంటు పోతే మా వీధిలో ఒకాయన జనరేటర్ నుంచి రెండు వైపులా ప్లగ్గు ఉన్న వైరు తెచ్చి సాకెట్‌లో గుచ్చుతాడు. ఇల్లంతా వెలుగుతుంది. మేమూ అలా చేసుకోవచ్చా?
— ఒక కొబ్బరి రైతు, కవిటి

జవాబు: వద్దు. ఆయనను కూడా ఆపండి. 2018 అక్టోబరులో తిత్లీ తర్వాత ఉద్దానంలో ఎన్ని స్తంభాలు పడ్డాయో, ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో వైర్లు కలుపుతూ తిరిగింది లైన్‌మన్లు. మెయిన్ ఆపడం ఒక్కసారి మర్చిపోతే ఆ జనరేటర్ కరెంటు సర్వీసు వైరులోంచి వెనక్కి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 వేల వోల్టులుగా మారి లైను మీదికి ఎక్కుతుంది. లైను ఆపేశామనుకుని స్తంభం ఎక్కిన మనిషి చనిపోతాడు. ఆ వైరుకి రెండో చివర ప్లగ్గు పిన్నులు బయటికే ఉంటాయి, ఇంట్లో పిల్లలు తాకినా అంతే.

జనరేటర్ పెట్టుకుంటే చేంజోవర్ స్విచ్ ఉండాలి. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకేసారి మారేది, లైను, జనరేటర్ ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలవనిది. ఇందులో నా పద్ధతి అంటూ ఏమీ లేదు, రూలు ఎంతో నేను అడిగేదీ అంతే. తుఫాను రోజులు రాకముందే, వేసవిలో పెట్టించండి. అక్టోబరు వచ్చాక పనివాళ్లు దొరకరు.

ప్రశ్న: వేసవిలో ఎర్త్ గొయ్యిలో నీళ్లు పోయడం రూలా?
— ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: ఇంటివాళ్లు ఫలానా నెలలో నీళ్లు పోయాలన్న రూలు లేదు. కరెంటు సరఫరా చేసే సంస్థ తన ఎర్తింగులను కనీసం రెండేళ్లకోసారి, ఎండాకాలంలో, పొడిగా ఉన్న రోజున కొలవాలని మాత్రం నిబంధన ఉంది. నేల ఎండినప్పుడే దాని అసలు బలం తెలుస్తుంది కాబట్టి. ఆ రూలు ఇళ్లకు కాదు గానీ, నేను వైరింగ్ చేసిన ఇళ్లకు దానినే పెట్టుకున్నాను. మే నెలలో వెళ్లి, నీళ్లు పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి కొలిచి, రెండు అంకెలూ తేదీతో సహా డీబీ తలుపు లోపల రాస్తాను. మీరు కొలవలేకపోయినా, మే నెలలో వారానికి రెండు బిందెలు పోయండి. గొయ్యి మీద మూత కనిపించకుండా టైల్స్ వేయించి ఉంటే ముందు దానిని తీయించండి.